చలికాలంలో సైకిల్ మీద వెళ్లేటప్పుడు పాదాలు తడవకుండా, వెచ్చగా ఉండాలంటే ఏం చేయాలి?

అక్టోబరు ఆఖరి ఆదివారం నెదర్లాండ్స్‌లో గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. ఆ తరువాత కొద్ది వారాలకే, చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువారి నుంచి ప్రతి ఏడాదీ ఒకే ప్రశ్న వస్తుంది. మంచి జాకెట్ ఉంది, గ్లవ్స్ ఉన్నాయి, చెవుల మీదికి టోపీ కూడా ఉంది, అయినా సైకిల్ ఎక్కిన కాసేపటికే కాలి వేళ్లు మొద్దుబారిపోతున్నాయి, ఆఫీసుకు చేరేసరికి సాక్సులు పిండితే నీళ్లు కారేలా ఉంటున్నాయి, ఎలాంటి బూట్లు కొనాలి అని అడుగుతారు. బూట్ల గురించి కిందనే రాశాను. అయితే బూట్ల మీద డబ్బు పెట్టే ముందు, ఆ నీళ్లు పాదం దాకా ఏ దారిన వస్తున్నాయో తెలుసుకోమని మాత్రం గట్టిగా చెబుతాను. చాలామంది విషయంలో ఆ దారిని మూసేయడానికి అయ్యే ఖర్చు ఒక పూట భోజనం ఖర్చు కూడా ఉండదు.

డెల్ఫ్ట్, ఐండ్‌హోవెన్ వంటి ఊళ్లలో రోజూ అరగంట లోపు సైకిల్ తొక్కేవారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను. ఇక్కడ జనవరి సగటు ఉష్ణోగ్రత 3–4 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. నీళ్లు గడ్డకట్టేంత చలి కొద్ది రోజులే ఉంటుంది కానీ, వాన, తడి రోడ్డు, ఎదురుగాలి మాత్రం చలికాలమంతా వదలవు. సున్నా కన్నా బాగా కిందికి పోయే ప్రాంతాల్లో ఉండేవారికి అవసరమైన మార్పులను విడిగా చెప్పాను.

పాదాలకే ఎందుకింత చలి?

కారణాలు మూడు. మొదటిది తడి. నీరు గాలి కన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది కాబట్టి, తడిసిన సాక్సు ఎంత మందమైనదైనా పాదాన్ని కాపాడలేదు. రెండవది గాలి. గాలి కదలని రోజున కూడా గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కితే మీకు మీరే ఎదురుగాలిని సృష్టించుకున్నట్టవుతుంది. వాతావరణ శాఖలు వాడే గాలి చలి సూత్రం ప్రకారం ఆ వేగంలో 5 డిగ్రీలు దాదాపు 1 డిగ్రీలాగా, సున్నా డిగ్రీలు దాదాపు మైనస్ 5లాగా ఒంటికి తగులుతాయి. మూడవది రక్తప్రసరణ. ఒళ్లు చల్లబడుతున్నప్పుడు శరీరం ముందుగా గుండె, ఊపిరితిత్తులు వంటి లోపలి అవయవాలను కాపాడుకోవడానికి కాళ్లు, చేతుల చివర్లకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. సైకిల్ తొక్కేటప్పుడు తొడలు, పిక్కలు పని చేసి వేడెక్కుతాయి కానీ, కాలి వేళ్లు బూటులో కదలకుండా ఉండిపోతాయి. ఈ మూడింటినీ ఇదే వరుసలో, అంటే మొదట తడిని, తరువాత గాలిని, ఆఖరున వెచ్చదనాన్ని చూసుకోవాలి.

కావలసినవి

తప్పనిసరిగా ఉండవలసినవి:
- ముందు చక్రానికి పూర్తి పొడవు మడ్‌గార్డు, దాని చివర వేలాడే ఫ్లాప్
- చీలమండను కప్పే, వేళ్లు ఆడేంత చోటున్న బూట్లు
- రెండు మూడు జతల ఉన్ని సాక్సులు
- బూట్ల మీదికి దిగేంత పొడవున్న రెయిన్ ప్యాంటు
- పాత దినపత్రికలు

ఉంటే మంచివి: వాన షూ కవర్లు, ఫెల్ట్ (ఒత్తి చేసిన ఉన్ని బట్ట) ఇన్‌సోల్, అంటే బూటు లోపల పాదం కింద వేసే పొర, ఆఫీసు సొరుగులో ఒక జత పొడి సాక్సులు, శుభ్రమైన పాలిథిన్ కవర్లు రెండు.

1. తడి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి

ఈ పనికి ఒక్క ప్రయాణం చాలు. తడిసిన రోజున ఇంటికి చేరగానే బూట్లు విప్పి, సాక్సులు తీసేయకముందే వాటిని జాగ్రత్తగా చూడండి, చేత్తో తడిమి చూడండి.

వేళ్ల పైభాగం, బూటు ముందు భాగం తడిగా ఉండి మడమ పొడిగా ఉంటే, నీళ్లు మీ ముందు చక్రం నుంచి చిమ్ముతున్నాయి. చీలమండ దగ్గర మొదలై మడమ వైపుకు తడి దిగివుంటే, ప్యాంటు మీదుగా కారిన వాన నీరు బూటులోకి దిగుతోంది. అరికాలు మాత్రమే తడిగా ఉంటే బూటు అడుగున పగులైనా ఉండాలి, లేదా అది మీ చెమటైనా అయి ఉండాలి. బూటును తిరగేసి వంచి చూస్తే పగులు కనిపిస్తుంది. పగులు లేకపోతే చెమటే అనుకోవచ్చు. ఏ తడీ లేకుండా వేళ్లు మాత్రం కొంకర్లు పోతుంటే గాలి, బిగుతు, పలుచని సోల్ అనే మూడింటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

వాన ఆగిపోయి రోడ్డు మాత్రం తడిగా ఉన్న సమయంలో ఇంకో పరీక్ష చేయవచ్చు. రెండు బూట్ల ముందు భాగానికీ టిష్యూ కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఇంటి చుట్టుపక్కల ఐదు నిమిషాలు తొక్కి రండి. పైనుంచి వాన లేదు కాబట్టి, కాగితం మీద బురద చుక్కలు పడ్డాయంటే అవన్నీ చక్రం విసిరినవే. ఎంత వానొచ్చినా తమ పాదాలను తడిపేది ఆకాశం నుంచి పడే నీరే అనుకునేవారు ఈ కాగితాన్ని చూసి ఆశ్చర్యపోతారు.

2. ముందు చక్రం చిమ్మే నీటిని ఆపండి

మన ఊళ్లలో నాన్నలు, తాతలు తొక్కిన నల్ల సైకిళ్లకు రెండు చక్రాలకూ పూర్తి పొడవు ఇనుప మడ్‌గార్డులుండేవి. ఇక్కడి సంప్రదాయ డచ్ సైకిళ్లకు కూడా ఉంటాయి. చిక్కంతా సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికే స్పోర్ట్స్, రేసింగ్ తరహా సైకిళ్లతో వస్తుంది. వాటికి మడ్‌గార్డే ఉండదు, ఉన్నా చక్రం మీద జానెడు ముక్క ఉంటుంది. ఆ ముక్క ముఖానికి చిమ్మే బురదను కొంత ఆపుతుందేమో కానీ, పాదాల దాకా వచ్చేది చక్రం వెనుక కింది భాగం నుంచి విసిరే నీరు కాబట్టి పాదాలకు దానివల్ల ఏ లాభమూ లేదు.

ముందుగా మీ టైరు వెడల్పుకు తగిన పూర్తి పొడవు మడ్‌గార్డు బిగించండి. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. అంతకన్నా దగ్గరగా ఉంటే ఆకులు, మంచు ఇరుక్కుంటాయి. ఫ్రేముకు బోల్టు రంధ్రాలు లేని సైకిళ్లకు పట్టీలతో బిగించే రకం దొరుకుతుంది.

మడ్‌గార్డు ఒక్కటే చాలదు. దాని కింది చివర నుంచి ఫ్లాప్ వేలాడాలి. ఫ్లాప్ కొనవచ్చు, లేదా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఖాళీ అయిన డిటర్జెంటు సీసాలాంటి కాస్త మందమైన, వంగే ప్లాస్టిక్ తీసుకోండి. పైన మడ్‌గార్డు వెడల్పు, కింద 10–12 సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా గంట ఆకారంలో కత్తిరించండి. పై అంచున రెండు రంధ్రాలు చేసి, మడ్‌గార్డు చివరన కూడా రెండు రంధ్రాలు చేసి, చిన్న బోల్టులూ వాషర్లతో, లేకపోతే జిప్ టైలతో బిగించండి. కింది అంచు నేలకు సుమారు 10 సెంటీమీటర్ల ఎత్తు దాకా దిగాలి. సీసా సహజమైన వంపు చక్రం వైపుకు తిరిగి ఉండేలా పెడితే నీళ్లు పక్కలకు జారిపోకుండా కిందికే దిగుతాయి.

హెచ్చరిక: మడ్‌గార్డును పట్టివుంచే కడ్డీల బోల్టులు వదులైతే అది ముందు చక్రంలో ఇరుక్కుని చక్రం ఒక్కసారిగా ఆగిపోవచ్చు, అప్పుడు మనిషి హ్యాండిల్ మీదుగా పడే ప్రమాదం ఉంది. నెలకొకసారైనా ఆ బోల్టులను చేత్తో కదిపి చూడండి. బిగించాక హ్యాండిల్‌ను పూర్తిగా రెండు వైపులా తిప్పి, పెడల్ మీదున్న బూటు కొన మడ్‌గార్డుకు తగలడం లేదని కూడా చూసుకోండి.

ఫ్లాప్ పెట్టాక టిష్యూ పరీక్షను మళ్లీ చేయండి. కాగితం పొడిగా ఉంటే ఈ దారి మూసుకున్నట్టే. అప్పటికీ చుక్కలు పడుతుంటే ఫ్లాప్‌ను ఇంకా కిందికి దించండి, లేదా వెడల్పు పెంచండి.

3. బూట్లను కొలిచి ఎంచుకోండి

వేసవిలో వేసుకునే జాలీ బట్ట రన్నింగ్ షూలు ఈ పనికి పనికిరావు. పాదానికి గాలి ఆడాలని చేసిన ఆ జాలీలోంచి చలిగాలి నేరుగా వేళ్ల మీదికి వస్తుంది. చీలమండను కప్పే తోలు బూట్లు, లేదా నీరు దిగని పొర ఉన్న ట్రెక్కింగ్ బూట్లు సరిపోతాయి. తోలు బూట్లకు మైనం పాలిష్ పట్టిస్తే వాన నీరు జారిపోతుంది. సోల్ మందంగా, గాళ్లు లోతుగా ఉంటే సిగ్నల్ దగ్గర కాలు ఆనించినప్పుడు జారదు.

సైజు విషయంలో ఎక్కువమంది పొరపాటు పడతారు. బూటులోని ఇన్‌సోల్‌ను బయటికి తీసి నేల మీద పెట్టి, చలికాలపు సాక్సుతో దాని మీద నిలబడండి. పొడవైన వేలు ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ కనిపించాలి. పక్కల నుంచి పాదం ఇన్‌సోల్ దాటి బయటికి రాకూడదు. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి బూట్లను సాయంత్రం పూట, చలికాలపు సాక్సులతోనే కొలిచి కొనుక్కోండి. చాలామందికి మామూలుగా వేసుకునే సైజు కన్నా అరసైజో, ఒక సైజో పెద్దది పడుతుంది.

రబ్బరు గమ్ బూట్లు నీటిని పూర్తిగా ఆపుతాయి, కానీ వాటిలో వెచ్చదనం లేదు, చెమట బయటికి పోదు. పావుగంట లోపు ప్రయాణానికి మందమైన ఉన్ని సాక్సులతో వాడవచ్చు, అంతకు మించితే వద్దు.

4. అడుగు నుంచి వచ్చే చలిని ఆపండి

బూటుతో వచ్చిన పలుచని ఇన్‌సోల్ తీసేసి, ఉన్ని ఫెల్ట్‌తో చేసినదాన్ని, లేదా అడుగున వెండి రంగు రేకు ఉన్నదాన్ని వేయండి. ఇనుప పళ్లున్న పెడల్స్ వాడేవారికి ఈ మార్పు వెంటనే తెలుస్తుంది. అయితే పాత ఇన్‌సోల్ మీదే కొత్తది వేయకూడదు. ఒక దాని మీద ఒకటి వేస్తే పాదం పైకి లేచి వేళ్లు బూటు పైభాగానికి ఒత్తుకుంటాయి. అప్పుడు రక్తప్రసరణ తగ్గి, ఇన్‌సోల్ వల్ల కలిగిన లాభమంతా పోతుంది.

5. ఒక్క జత సాక్సులు, అవి ఉన్నివి

నూలు సాక్సులు తడిని పీల్చుకుని వదలవు, తడిస్తే పాదానికి అంటుకుపోయి చల్లబరుస్తాయి. ఉన్ని కొంత తడిసినా వెచ్చదనాన్ని కాస్త నిలుపుకుంటుంది, చెమట ఆవిరిని తనలోకి తీసుకుంటుంది. మెరినో ఉన్ని అయితే గుచ్చుకోదు. కొనేటప్పుడు లేబుల్ చదవండి. చూడడానికి ఉన్నిలాగా ఉండే సాక్సుల్లో చాలా వాటిలో అక్రిలిక్కే ఎక్కువ ఉంటుంది. ఇంటి నుంచి అమ్మ పెట్టి పంపిన దళసరి సాక్సుల్లో కూడా ఎక్కువ ఈ రకమే. పొడిగా ఉన్నంతసేపు అవి బాగానే వెచ్చగా ఉంటాయి కాబట్టి పారేయనక్కరలేదు, వాన లేని రోజులకు ఉంచుకోండి.

రెండు జతలు వేసుకుంటే రెట్టింపు వెచ్చగా ఉంటుందన్న నమ్మకం బలంగా ఉంది. బూటులో చోటుంటేనే అది నిజమవుతుంది. వెచ్చదనాన్ని పట్టి ఉంచేది పోగుల మధ్య నిలిచిన గాలి. రెండో జత ఆ గాలిని నొక్కేసి, వేళ్లను కూడా నొక్కితే చలి ఇంకా పెరుగుతుంది. బూటు లేసులు కట్టాక ఐదు వేళ్లనూ విడివిడిగా ఆడించి చూడండి. ఆడకపోతే ఒక జత తీసేయండి.

సాక్సు పొడవు కూడా ముఖ్యం. చీలమండ దగ్గర రక్తనాళాలు చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. సైకిల్ తొక్కేటప్పుడు ప్యాంటు పైకి జరిగి ఆ భాగం గాలికి బయటపడితే, పాదానికి వెళ్లే రక్తం అక్కడే చల్లబడుతుంది. పిక్క సగం దాకా వచ్చే సాక్సులు తీసుకోండి.

మెట్టెలు పెట్టుకునే స్త్రీలు ఒకటి గమనించాలి. చలికి వేళ్లు కమిలి ఉబ్బితే మెట్టె బిగిసి, తీయడం కష్టమవుతుంది. బిగువు బూటులో మెట్టె పక్క వేలిని ఒత్తుతుంది కూడా. చలికాలం మొదలవకముందే అవి సులువుగా తిరుగుతున్నాయో లేదో చూసి, బిగుతుగా ఉంటే వదులు చేయించుకోండి.

6. పై పొరలను సరైన వరుసలో వేసుకోండి

సూత్రం ఒక్కటే. పై నుంచి కారే నీరు ఎక్కడా లోపలికి దిగకుండా, ప్రతి పై పొరా కింది పొర మీదికి దిగాలి. పెంకుటింటి కప్పు మీద పై వరుస పెంకు కింది వరుస పెంకు మీదికి దిగినట్టు ఉండాలి. కాబట్టి షూ కవరు అంచు రెయిన్ ప్యాంటు లోపల ఉండాలి, ప్యాంటు దాని మీదుగా కిందికి దిగాలి. షూ కవర్లను ప్యాంటు మీదికి లాగి బిగిస్తే వాన నీరంతా గరాటులో పోసినట్టే లోపలికి చేరుతుంది. అలాగే సీటు మీద కూర్చుని మోకాలు పైకెత్తినప్పుడు రెయిన్ ప్యాంటు ఎంత పైకి జరుగుతుందో అద్దం ముందు చూసుకోండి. నిలబడి ఉన్నప్పుడు సరిపోయిన పొడవు, తొక్కేటప్పుడు సరిపోదు.

షూ కవర్లలో రెండు రకాలున్నాయి. పలుచని వాన కవర్లు నీటినీ గాలినీ ఆపుతాయి, వెచ్చదనం కొద్దిగానే ఇస్తాయి. నియోప్రీన్ అనే మందమైన రబ్బరు నురుగుతో చేసినవి కాస్త తడిసినా వెచ్చగానే ఉంటాయి కానీ, లోపల చెమట పడుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి మొదటి రకమే మేలని నా అభిప్రాయం. కవరు వేసుకుని ఎక్కువ దూరం నడవకండి, అడుగు త్వరగా చిరుగుతుంది.

కవర్లు ఇష్టం లేనివారికి నీరు దిగని సాక్సులు ప్రత్యామ్నాయం. బయట అల్లిక, మధ్యలో నీటిని ఆపే పొర, లోపల మెత్తని అల్లిక ఉంటాయి. అవి బాగానే పని చేస్తాయి కానీ, పై అంచు నుంచి నీరు దిగితే ఆ నీరు బయటికి పోయే దారి ఉండదు. అందుకే వీటి మీదికి కూడా రెయిన్ ప్యాంటు దిగాల్సిందే.

ఏమీ లేని రోజున హఠాత్తుగా వాన పడితే, పలుచని సాక్సు మీద పాలిథిన్ కవరు తొడిగి, దాని మీద బూటు వేసుకోండి. అరగంట దాకా ఇది చక్కగా కాపాడుతుంది. లోపలి సాక్సు చెమటతో తడుస్తుంది కాబట్టి చేరగానే మార్చుకోవాలి. కవరును బూటు బయట మాత్రం ఎప్పుడూ కట్టకండి. పెడల్ మీద కాలు జారుతుంది, వేలాడే అంచు గొలుసులో చిక్కుకుంటుంది.

7. బయలుదేరే ముందు

పాదాలు వెచ్చగా ఉండగానే బయటికి అడుగు పెట్టాలి. ఒకసారి చల్లబడ్డ పాదాన్ని సైకిల్ మీద మళ్లీ వెచ్చబరచడం చాలా కష్టం. బూట్లను రాత్రంతా బాల్కనీలోనో సైకిల్ షెడ్డులోనో ఉంచకుండా గదిలో ఉంచండి. అలాగని బూట్లు, షూ కవర్లు వేసుకుని ఇంట్లో తిరగకండి, పాదాలకు పట్టిన చెమట బయటికి వెళ్లాక చల్లబడుతుంది. ఆఖరి నిమిషంలో వేసుకుని వెంటనే బయలుదేరండి. బౌయెన్‌రాడార్ (Buienradar) అనే డచ్ వాతావరణ యాప్‌లో రాబోయే రెండు గంటల వాన మేఘాలు కనిపిస్తాయి. పది నిమిషాలు ఆగితే జల్లు దాటిపోతుందని తెలిస్తే ఆగడమే మంచిది.

మెడ, నడుము, తొడలు కప్పి ఉన్నాయో లేదో చూసుకోండి. ఒంటికి చలేస్తుంటే పాదాలకు రక్తం చేరదు. పలుచని జీన్స్ మాత్రమే వేసుకుని, పాదాలకు మాత్రం ఖరీదైన బూట్లు వేసుకున్నవారికి వేళ్లు చల్లబడడానికి తరచుగా ఇదే కారణం.

8. దారిలో

వేళ్లను బూటు లోపల ముడిచి విప్పుతూ ఉండండి. సిగ్నల్ దగ్గర మడమలు ఎత్తి దించండి. ముందు వెళ్తున్న సైకిల్‌కు వెనుక మడ్‌గార్డు లేకపోతే దానికి దూరంగా ఉండండి, వారి చక్రం చిమ్మే నీళ్లన్నీ మీ మీదే పడతాయి. ఎదురుగాలి బలంగా ఉన్న రోజున ఆదుర్దాగా తొక్కకుండా వేగం కొద్దిగా తగ్గించండి.

వేళ్లు మొద్దుబారడం మొదలైతే దిగి, సైకిల్‌ను నడిపించుకుంటూ రెండు మూడు నిమిషాలు చురుగ్గా నడవండి. నడకలో పాదం వంగి, పిక్క కండరాలు పూర్తిగా పని చేసి, రక్తం వేళ్ల దాకా చేరుతుంది. చలి దేశాల్లో ఏళ్ల తరబడి సైకిల్ తొక్కేవారు కూడా పాటించే ఉపాయమిది. ఎలాగూ చేరబోతున్నాం కదా అని స్పర్శ లేని పాదాలతో తొక్కుతూ పోవడం మంచిది కాదు.

9. చేరిన తరువాత ఆరబెట్టడం

ఉదయం తడిసిన బూటే సాయంత్రం మళ్లీ వేసుకోవాలి కాబట్టి, ఈ దశను నిర్లక్ష్యం చేస్తే మిగతా శ్రమంతా వృథా అవుతుంది. సొరుగులో ఉంచుకున్న పొడి సాక్సులు వేసుకోండి. బూటు లేసులు పూర్తిగా వదులు చేసి, నాలుకను ముందుకు లాగి, ఇన్‌సోల్‌ను బయటికి తీసి విడిగా ఆరనివ్వండి. దినపత్రిక కాగితాలను నలిపి బూటు కొన దాకా కూరండి. చాలామంది కాగితం పెట్టి మరునాటిదాకా వదిలేస్తారు. కాగితం తడిసిపోయాక ఇంకేమీ పీల్చలేదు, పైగా తడిని బూటులోనే పట్టి ఉంచుతుంది. మొదటి గంట తరువాత ఒకసారి, ఆ తరువాత రెండు మూడు గంటలకు ఇంకోసారి మార్చండి.

రేడియేటర్ మీద బూట్లు పెట్టకండి. తోలు బిరుసెక్కి పగులుతుంది, సోల్ అతికించిన జిగురు వదులుతుంది. రేడియేటర్‌కు ఒక మూర దూరంలో, పక్కకు వాల్చి పెట్టండి. హెయిర్ డ్రయర్ వాడాలంటే చల్లగాలి మీద వాడండి. వీలైతే రెండు జతల బూట్లను రోజు విడిచి రోజు వాడండి. నా లెక్కలో, ఒక ఖరీదైన జత కన్నా రెండు మామూలు జతలే ఎక్కువ మేలు చేస్తాయి.

మంచు పడే రోజుల్లో సైకిల్ దారుల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీరు ఎండితే తోలు మీద తెల్లని చారలు పడి తోలు పాడవుతుంది. తడి గుడ్డతో అదే రోజు తుడవండి. చారలు పోకపోతే నీళ్లూ తెల్ల వెనిగరూ సమానంగా కలిపి తుడిచి, ఆరాక మళ్లీ మైనం పట్టించండి.

సున్నా కన్నా బాగా కింద ఉండే చోట్ల

ఫిన్లాండ్, స్వీడన్, కెనడా, అమెరికాలోని మిన్నెసోటా వంటి చోట్ల మైనస్ 10లో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి మైనస్ 18లాగా తగులుతుంది. అక్కడ మంచు పొడిగా ఉంటుంది కాబట్టి వాన కవర్ల కన్నా మందమైన బూట్లే ముఖ్యం. లోపలి ఉన్ని తొడుగు విడిగా ఊడివచ్చే మంచు బూట్లు తీసుకుంటే రాత్రి ఆ తొడుగును ఆరబెట్టుకోవచ్చు. వీటిని వాడాలంటే వెడల్పాటి మామూలు పెడల్స్ ఉండాలి. బూటు అడుగున క్లీటు బిగించి పెడల్‌కు తగిలించే షూలు వాడేవారికి ఆ లోహపు క్లీటు గుండా చలి నేరుగా అరికాలికి చేరుతుంది. వాటిని వదలలేనివారు ఇన్‌సోల్ కింద క్లీటు ఉన్న చోట, గాలి రంధ్రాల మీద వెడల్పాటి టేపు అంటించి, దాని మీద ఫెల్ట్ వేయాలి.

వేళ్లకు అంటించే హీట్ ప్యాకెట్లలోని ఇనుప పొడి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. అందుకే ప్యాకెట్ విప్పి కొన్ని నిమిషాలు గాలికి ఉంచి, వెచ్చబడ్డాకే సాక్సు మీద అంటించాలి, చర్మం మీద ఎప్పుడూ అంటించకూడదు. గాలి చొరని బూటులో అవి త్వరగా చల్లారిపోతే అది ప్యాకెట్ లోపం కాదు, లోపల ఆక్సిజన్ చాలకపోవడమే.

ఎప్పుడు జాగ్రత్తపడాలి?

వెచ్చని గదిలోకి వచ్చిన కొన్ని గంటల తరువాత వేళ్లు ఎర్రగా లేదా ఊదాగా ఉబ్బి, దురద, మంట పుడితే అవి చిల్‌బ్లెయిన్స్ కావచ్చు. సున్నా పైన ఉన్న తడి చలిలో కూడా ఇవి వస్తాయి. చల్లబడ్డ పాదాలను ఒక్కసారిగా హీటరుకు ఆనిస్తే ఎక్కువవుతాయి. గోకకుండా, నెమ్మదిగా వెచ్చబడనివ్వండి.

గడ్డకట్టే చలిలో వేలు పాలిపోయి, మైనంలా గట్టిగా మారి, స్పర్శ పోతే అది ఫ్రాస్ట్‌బైట్ లక్షణం. రుద్దకండి, మంచుతో రాయకండి, హీటరు దగ్గర పెట్టకండి. లోపలికి వెళ్లి తడి సాక్సులు తీసేసి, మళ్లీ చలిలోకి వెళ్లే అవసరం లేకపోతేనే 37–39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ఉంచి, వైద్యసహాయం తీసుకోండి. నీటి వేడిని స్పర్శ ఉన్న చేత్తో, లేదా ఇంకొకరి చేత్తో చూడాలి. మొద్దుబారిన కాలితో చూడకూడదు.

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు హీట్ ప్యాకెట్లు, కరెంటు సాక్సులు, వేడినీళ్లు వాడకూడదు. కాలిపోతున్నా తెలియదు. రోజూ సాయంత్రం అరికాళ్లను అద్దంలో చూసుకోవాలి. చలికి వేళ్లు తరచూ తెల్లబడి, తరువాత నీలంగా మారేవారు డాక్టరుకు చూపించుకోవాలి.

పాదాలకు కొబ్బరినూనె, వాజలిన్ రాసుకుంటే చలి ఆగుతుందా అని అడుగుతుంటారు. చర్మం పగలకుండా అవి ఉపయోగపడతాయి, వేడి బయటికి పోకుండా ఆపలేవు. రాత్రి పడుకునే ముందు రాసుకోండి, బూటు వేసుకునే ముందు వద్దు.

ఆదిలాబాద్, లంబసింగి వైపు తొక్కేవారికి

డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఆదిలాబాద్ జిల్లాలోనూ, లంబసింగి, అరకు వైపు కొండల మీదా ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. అక్కడ వాన భయం ఉండదు, గాలిని ఆపితే చాలు. జాలీ షూ ముందు సగాన్ని లోపలి నుంచి పాలిథిన్ ముక్కతో కప్పి, ఒక జత ఉన్ని సాక్సులు వేసుకోండి. ఎండెక్కాక పాలిథిన్ తీసి జేబులో పెట్టుకోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు కాళ్లు కదలవు, గాలి మాత్రం రెట్టింపు తగులుతుంది కాబట్టి దిగడం మొదలుపెట్టే ముందే ఈ ఏర్పాటు చేసుకోవాలి. పొగమంచులో గడ్డి మీదుగా నడిస్తే షూలు తడిసిపోతాయి, సైకిల్‌ను రోడ్డు అంచునే ఆపండి.

ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి?

బూట్లలోకి నీరు దిగుతోందో లేదో తెలియాలంటే, వేళ్ల దగ్గర, మడమ దగ్గర పొడి టిష్యూ కాగితం పెట్టి, బూటు వేసుకుని, రెండు అంగుళాల నీరున్న టబ్బులో ఐదు నిమిషాలు నిలబడండి. తడిసిన కాగితం ఏ వైపుదో చూస్తే కారుతున్న చోటు తెలుస్తుంది. కుట్టు దగ్గరైతే మైనంతో మూయవచ్చు. సోల్ అతుకు దగ్గరైతే బూట్ల జిగురుతో అతికించి, ఒక రోజంతా బరువు కింద ఉంచాలి.

తడి చెమటదో వానదో తేలకపోతే, పొడి రోజున అదే బూటు, అదే సాక్సుతో అంతే దూరం వెళ్లిరండి. అప్పుడు కూడా సాక్సు తడిస్తే అది చెమటే. అలాంటప్పుడు ఇంకా మందమైన బూట్లు కొంటే సమస్య పెరుగుతుంది. సాక్సు పలుచన చేయండి, షూ కవరును వాన ఉన్నప్పుడే వాడండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఫ్లాప్, ఇన్‌సోల్, కొత్త సాక్సులు ఒకే రోజు మొదలుపెడితే ఏది పని చేసిందో, ఏది బిగుతు పెంచిందో తెలియదు. ఒక మార్పు చేసి, వాన రోజున ఒకసారి, పొడి చలి రోజున ఒకసారి తొక్కి చూడండి. చేరిన వెంటనే బూటు విప్పి, వేళ్లను చేత్తో తాకి, సాక్సును పిండి చూసి, ఆ తరువాతే రెండో మార్పుకు వెళ్లండి. అన్ని దారులూ మూసేశాక కూడా పొడి సాక్సులో, వదులుగా ఉన్న బూటులో వేళ్లు ప్రతిరోజూ మొద్దుబారుతుంటే ఇంకేమీ కొనకండి, ముందుగా డాక్టరును కలవండి.